కాల్షియం రియాక్టర్: పగడాల ఆకలికి లెక్క కట్టడం

పాత హైదరాబాద్ ఇళ్లలో నేలకు తాండూరు బండలు పరిచి ఉంటాయి. నిమ్మకాయ పచ్చడి పెట్టే రోజున కత్తిపీట ముందేసుకుని కాయలు కోస్తుంటే రసం చుక్కలు బండ మీద పడతాయి. వెంటనే తుడవకపోతే అక్కడ నునుపు పోయి మచ్చ మిగులుతుంది. తర్వాత ఎంత రుద్దినా అది పోదు, ఎందుకంటే అది మరక కాదు. తాండూరు బండ సున్నపురాయి. పులుపు తగిలిన చోట రాయి కొంచెం కరిగి రసంలో కలిసిపోయింది.

రీఫ్ అక్వేరియంలో, అంటే ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, కాల్షియం రియాక్టర్ చేసేది ఈ పనే. ఒక గొట్టంలాంటి పాత్రలో చనిపోయిన పగడాల ముక్కలు నింపుతాం. దీన్నే మీడియా అంటాం. అందులోకి ట్యాంకు నీళ్లు పంపి, సిలిండర్ నుంచి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) బుడగలు వదులుతాం. సీఓటూ నీళ్లలో కలిస్తే నీళ్లు పుల్లబడతాయి, అంటే పులుపుకు కొలత అయిన పీహెచ్ తగ్గుతుంది. గోలీసోడాకు ఆ చురుకు వచ్చేది కూడా దానివల్లే. ఆ పుల్లటి నీళ్లలో మీడియా మెల్లగా కరిగి కాల్షియం, బైకార్బొనేట్ బయటికొస్తాయి. ఆ నీళ్లు చుక్కచుక్కగా ట్యాంకులోకి చేరితే, బతికున్న పగడాలు వాటితో తమ అస్థిపంజరం కట్టుకుంటాయి. చనిపోయిన పగడం కరిగి బతికున్న పగడానికి ఎముక అవుతుందన్నమాట.

బొర్రా గుహలు చూసినవాళ్లకు ఈ రెండు పనులూ ఒకేచోట కనిపించి ఉంటాయి. వాననీరు మట్టిలోంచి దిగుతూ సీఓటూ పట్టుకుని, సున్నపురాయిని కరిగించి గుహ తొలిచింది. అదే నీరు పైకప్పు నుంచి కారేటప్పుడు సీఓటూ గాలిలోకి పోయి, కరిగిన రాయి మళ్లీ గట్టిపడి కిందికి వేలాడింది. ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, బోరునీళ్లు వాడే ఇంట్లో గీజర్ విప్పి చూడండి. కాయిల్ మీద పట్టిన తెల్లటి పెచ్చు కూడా అదే. వేడికి సీఓటూ పోయింది, రాయి మిగిలింది. ఈ రాకపోకలు మనసులో పెట్టుకుంటే రియాక్టర్‌లో ఏ మరను ఎటు తిప్పాలో సగం అర్థమైనట్టే.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో రీఫ్ ట్యాంకు పెట్టాక, నీటిలో ఏది తగ్గినా మనమే పూడ్చాలి. సహజ సముద్రజలంలో కాల్షియం సుమారు 410 నుంచి 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బొనేట్ ఎంత ఉందో చెప్పే కొలత, దాని యూనిట్ డీకేహెచ్) 7 డీకేహెచ్ చుట్టూ, మెగ్నీషియం 1,300 పీపీఎంకు దగ్గరగా ఉంటాయి. ఈ మూడింటిలో పగడాల పెరుగుదలకు ముందుగా పడిపోయేది ఆల్కలినిటీ. మనవాళ్లు కేహెచ్ అని పిలిచేది దీన్నే. పగడం 2.8 డీకేహెచ్ వాడుకుంటే దాంతోపాటు తీసుకునే కాల్షియం 20 పీపీఎం మాత్రమే. 420లో 20 పోతే తెలియదు. 8లో 2.8 పోతే మాత్రం ట్యాంకు మొత్తం కష్టంలో పడుతుంది. అందుకే రోజూ చూడాల్సింది కేహెచ్. కాల్షియం వారానికోసారి చూసినా చాలు.

మెత్తటి పగడాలు, పుట్టగొడుగు పగడాలు పెంచే చిన్న ట్యాంకుకు రియాక్టర్ అక్కర్లేదు. వారం వారం నీళ్లు మారిస్తే సరిపోతుంది. కాస్త పెద్దదైతే రెండు సీసాల డోసింగ్, అంటే ఒకదాంట్లో కాల్షియం క్లోరైడ్, ఇంకోదాంట్లో బైకార్బొనేట్ కలిపి పోయడం, బాగానే పనిచేస్తుంది. అయితే ఆ రెండూ కలిసినప్పుడు మిగిలేది మామూలు ఉప్పు. వాడకం పెరిగేకొద్దీ ట్యాంకులో ఉప్పదనం మెల్లగా ఎక్కుతుంది. అక్రోపోరా, మోంటిపోరా లాంటి రాతిపగడాలతో నిండిన నాలుగైదు వందల లీటర్ల ట్యాంకు దగ్గర రియాక్టర్ తన విలువ చూపిస్తుంది. మొదట ఖర్చు ఎక్కువే, తర్వాత నెల నెలా అయ్యేది తక్కువ.

ఇక అసలు చిక్కు. కూకట్‌పల్లిలో ఉండే ఒక తమ్ముడు పోయినేడాది రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"అన్నా, రియాక్టర్ పెట్టి నెల దాటింది. దాంట్లోంచి వచ్చే నీళ్లు టెస్ట్ చేస్తే కేహెచ్ 45 వస్తుంది. అయినా ట్యాంకుల కేహెచ్ రోజూ పడిపోతుంది. పీహెచ్ ఇంకా దించమంటవా?"

"నీళ్లు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయి?"

"అది కొలవలే అన్నా. చుక్కలు పడుతున్నయ్."

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే. రియాక్టర్ నీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో అందరూ కొలుస్తారు, ఎన్ని వస్తున్నాయో కొలవరు. డికాషన్ ఎంత చిక్కగా దింపినా, గిన్నెలో రెండు చెంచాలే ఉంటే ఇంటినిండా ఉన్న చుట్టాలకు టీ ఎలా సరిపోతుంది? ట్యాంకుకు అందేది చిక్కదనం ఇంటూ పరిమాణం. ఆ రెండో అంకె లేకుండా మొదటిదానికి అర్థం లేదు.

మర్నాడు ఒక కొలగ్లాసు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవమన్నాను. నిమిషానికి 5 మిల్లీలీటర్లు. అంటే రోజుకు 7.2 లీటర్లు. ట్యాంకు నీళ్లు 8 దగ్గర ఉంటే, రియాక్టర్ నుంచి వచ్చే 45లో అసలు లాభం 37. ఈ 37ను 7.2 లీటర్లతో గుణిస్తే సుమారు 266. ట్యాంకులో రాళ్లు పోను నికరంగా 400 లీటర్ల నీళ్లున్నాయి కాబట్టి దాంతో భాగిస్తే రోజుకు 0.67 డీకేహెచ్ చేరుతోంది. మరి పగడాలు తింటున్నదెంత? అది అతనికి తెలియదు. నిజానికి రియాక్టర్ కొనకముందే తెలియాల్సిన అంకె అది.

అది కనుక్కోవడం సులువు. కేహెచ్ భద్రమైన స్థాయిలో ఉన్నప్పుడు రెండు రోజులు ఏమీ చేర్చకుండా ఆపి, రోజూ ఒకే సమయానికి టెస్ట్ చేయాలి. వెలుతురులో పగడాలు ఎక్కువ కట్టుకుంటాయి కాబట్టి ఒకరోజు పొద్దున, మర్నాడు రాత్రి కొలిస్తే లెక్క తప్పుతుంది. తమ్ముడి ట్యాంకులో రెండు రోజుల్లో 3 డీకేహెచ్ పడింది, రోజుకు 1.5. కాబట్టి 400 లీటర్లకు రోజూ కావాల్సింది 600, అందుతున్నది 266. రియాక్టర్‌లో లోపమేమీ లేదు. సగం కూడా వడ్డించకుండా ఆకలి తీరలేదని బాధపడుతున్నాం, అంతే.

ఇక్కడ రెండు దారులున్నాయి. పీహెచ్ ఇంకా దించి నీళ్లను మరింత చిక్కగా చేయడం ఒకటి. నీటి ప్రవాహం పెంచడం ఇంకోటి. చాలామంది మొదటిదాని వైపు వెళ్తారు. నేను గట్టిగా రెండోదే చెబుతాను. కారణం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రియాక్టర్‌ను పొదుపుగా నడపడమంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

పాత్రలోకి వెళ్లే సీఓటూ మొత్తం రాయిని కరిగించదు. కొంత పని చేస్తుంది, కొంత ఊరికే నీళ్లలో కరిగి ఉండిపోయి అలాగే ట్యాంకులోకి వెళ్తుంది. పని చేయని ఆ భాగమే మనకు నష్టం. గ్యాస్ వృథా అవడం ఒక ఎత్తు, ట్యాంకు పీహెచ్ పడగొట్టడం ఇంకో ఎత్తు. పాత్రలో పీహెచ్ 0.3 తగ్గితే, అదే ఆల్కలినిటీ దగ్గర ఊరికే కరిగి ఉండే సీఓటూ రెట్టింపవుతుంది. 6.6 నుంచి 6.3కు దించామంటే ప్రతి బైకార్బొనేట్ వెంటా రెండింతల వృథా గ్యాస్ ట్యాంకులోకి వెళ్తోందన్నమాట. దానికితోడు మరీ కిందికి దించితే మీడియా ముక్కలు మెత్తబడి, బురదలా అడుగున పేరుకుని, నీరు ఒక సందు వెతుక్కుని అందులోంచే పోతుంది. మిగతా మీడియా ఉన్నా లేనట్టే.

కాబట్టి పీహెచ్‌ను 6.6 చుట్టూ నిలిపి, నీళ్లను నిమిషానికి 20 మిల్లీలీటర్లకు పెంచమన్నాను. చిక్కదనం 45 నుంచి 30కి తగ్గింది. అది చూసి తమ్ముడు కంగారుపడ్డాడు, పని చెడిందనుకున్నాడు. కానీ లెక్క చూడండి. నిమిషానికి 20 అంటే రోజుకు 28.8 లీటర్లు. 30లో 8 తీసేస్తే లాభం 22. రెండూ గుణిస్తే 634. ట్యాంకు మీద రోజుకు 1.58 డీకేహెచ్. పగడాలకు కావాల్సినదానికి కొంచెం పైనే.

రియాక్టర్ నీళ్లు టెస్ట్ చేసేటప్పుడు ఒక చిన్న ఉపాయం. కేహెచ్ ఎక్కువ కాబట్టి చాలా టెస్ట్ కిట్లకు అందదు. ఒక వంతు ఆ నీళ్లకు మూడు వంతులు ఆర్ఓ నీళ్లు కలిపి కొలిచి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించాలి. వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు దీనికి పనికిరావు. వాటిలో రుచికోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు, లేదంటే కొంత ముడినీళ్లు కలుస్తాయి. ట్యాంకులో పోసే నీళ్లకూ ఇదే మాట. బోరు, ట్యాంకర్ నీళ్ల మీద ఆధారపడే కాలనీల్లో మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ గొట్టం ఉన్న ఆర్ఓ తప్పనిసరి.

ఇప్పుడు మరలు తిప్పే సంగతి. మన చేతిలో ఉన్నవి రెండే: సీఓటూ బుడగల వేగం, నీటి ప్రవాహం. రెండింటినీ ఒకే రోజు తిప్పొద్దు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. నా మొదటి రియాక్టర్ పెట్టిన వారంలో ఒక సాయంత్రం రెండూ పెంచి ఊరెళ్లాను. మూడో రోజు వచ్చేసరికి కేహెచ్ 8 నుంచి 11 దాటింది. అక్రోపోరా కొమ్మల కొసలు తెల్లగా కాలిపోయి ఉన్నాయి. మూడేళ్లు పెంచిన కొమ్మలవి. నైట్రేట్ దాదాపు సున్నా ఉన్న ట్యాంకులో కేహెచ్ ఇలా ఎగిరితే ముందు దెబ్బ తినేవి ఆ కొసలే. అప్పటినుంచి పీహెచ్‌ను ఒకచోట నిలిపి, నీటి ప్రవాహం ఒక్కటే మారుస్తాను. అదీ ఒకసారికి పదోవంతు మాత్రమే. మార్చాక రెండు మూడు రోజులు ఆగి చూస్తాను. 7.5 నుంచి 9 మధ్య ఏ అంకె దగ్గరైనా పగడాలు సర్దుకుంటాయి. అంకె రోజుకోలా ఊగితేనే సర్దుకోలేవు.

నీటి ప్రవాహాన్ని కదలకుండా పట్టుకోవడమే కష్టం. చిన్న ట్యాప్ బిగించి చుక్కలుగా వదిలితే, కొన్ని రోజులకు ఆ ట్యాప్ లోపలే సున్నం పట్టి దారి మూసుకుపోతుంది, గీజర్ కథే. అందుకే నిరంతరం తిరగగల పెరిస్టాల్టిక్ పంపు (గొట్టాన్ని నొక్కుతూ కొలత ప్రకారం నీళ్లు తోసేది) మీద ఖర్చు పెట్టడం న్యాయం. రియాక్టర్ సైజు మీద పెట్టే డబ్బులో కొంత ఈ పంపుకు మళ్లించమని కొనేవాళ్లందరికీ చెబుతుంటాను.

పీహెచ్ కంట్రోలర్ ఉంటే అది 6.6 దగ్గర సీఓటూ ఆపి, కొంచెం పెరిగాక మళ్లీ వదులుతుంది. మంచిదే. కానీ బుడగలు మరీ జోరుగా పెట్టి, కంట్రోలర్ ఆపుతుందిలే అని వదిలేస్తే పాత్రలో పీహెచ్ ఎగుడుదిగుడవుతుంది. సోలనాయిడ్ (కరెంటుతో గ్యాస్ దారి తెరిచి మూసే వాల్వు) ఎక్కువసేపు తెరిచే ఉండి, అప్పుడప్పుడు మాత్రమే మూసుకునేంత నెమ్మదిగా బుడగలు పెట్టాలి. పీహెచ్ కొలిచే ప్రోబ్‌ను నెల రెండు నెలలకోసారి పీహెచ్ 7, 4 ఉన్న ద్రావణాల్లో ముంచి సరిచూడాలి. తప్పు చూపే ప్రోబ్ ఉన్న కంట్రోలర్ కంటే కంట్రోలర్ లేకపోవడమే మేలు, అప్పుడు కనీసం మన కళ్లతో చూస్తాం. ఇంకో చిన్న పాత్ర నిండా మీడియా వేసి మొదటి పాత్ర నీళ్లు దాని గుండా పంపితే, మిగిలిపోయిన సీఓటూ అక్కడ కొంత పని చేసి పోతుంది. వృథా తగ్గించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

కరెంటు పోతే ఏమవుతుందో కూడా ముందే ఆలోచించాలి. పాత్రలో నీళ్లు తిప్పే పంపు ఆగిపోయి, సీఓటూ మాత్రం పారుతూ ఉంటే లోపలి నీళ్లు బాగా పుల్లబడతాయి. కరెంటు రాగానే ఆ మొత్తం ట్యాంకులోకి వస్తుంది. సోలనాయిడ్ కరెంటు లేకపోతే మూసుకునే రకమే అయ్యుండాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో తప్పు జరుగుతుంది: కంట్రోలర్‌ను ఇన్వర్టర్ లైన్ మీద, పంపును మామూలు లైన్ మీద పెడతారు. అప్పుడు మూసుకోవాల్సిన సోలనాయిడ్ తెరుచుకునే ఉంటుంది. రెండూ ఒకే లైన్ మీద ఉండాలి.

సిలిండర్‌కు మన ఎండలతో పేచీ. సీఓటూ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి సుమారు 57 బార్. 31 డిగ్రీలు దాటితే సీఓటూ ఇక ద్రవంగా ఉండలేదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మే నెలలో మన బాల్కనీలు 40 దాటుతాయి. నిండు సిలిండర్‌ను అక్కడ పెట్టడం ప్రమాదకరం. నీడలో, నిటారుగా, గొలుసుతో కట్టి ఉంచాలి. గాలి ఆడని చిన్న గదిలో, కింద మూసిన క్యాబినెట్‌లో కూడా వద్దు. లీకైతే సీఓటూ గాలికంటే బరువు కాబట్టి నేలను పట్టుకుని పరుచుకుంటుంది. ఎంత గ్యాస్ మిగిలిందో గేజ్ చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు దాదాపు ఒకేచోట ఉండి, అయిపోయే ముందు ఒక్కసారిగా పడుతుంది. వంటగ్యాస్ సిలిండర్‌ను లేపి చూసి అంచనా వేసినట్టే దీన్నీ తూకం వేయాలి. ఒకే దశ రెగ్యులేటర్లలో సిలిండర్ ఖాళీ అయ్యే వేళ బయటికొచ్చే ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి బుడగలు వరదలా వస్తాయి. రెండు దశల రెగ్యులేటర్ కొంటే ఆ భయం ఉండదు.

గ్యాస్ ఎంత కావాలో చూస్తే వృథా సంగతి ఇంకా స్పష్టమవుతుంది. రోజుకు 600 యూనిట్ల (డీకేహెచ్ ఇంటూ లీటర్లు) ఆల్కలినిటీ అంటే కరగాల్సిన మీడియా 10.7 గ్రాములు, నెలకు 320 గ్రాముల చిల్లర. దాన్ని కరిగించడానికి సిద్ధాంతం ప్రకారం కావాల్సిన సీఓటూ రోజుకు 4.7 గ్రాములు. ఆ లెక్కన 5 కిలోల సిలిండర్ వెయ్యి రోజులు రావాలి. ఎవరికీ రాదు. మనకు ఎన్ని రోజులు వచ్చిందో సిలిండర్ మార్చిన తేదీలు రాసుకుంటే తెలిసిపోతుంది. ఆ తేడాయే మన రియాక్టర్ వృథా.

ఆ వృథా సీఓటూ చేరేది అసలే సీఓటూ ఎక్కువున్న ఇంట్లోకి. వేసవిలో ఏసీ వేసి తలుపులు, కిటికీలు బిగించిన ఫ్లాట్‌లో నలుగురు మనుషుల ఊపిరి అక్కడే తిరుగుతుంది. రియాక్టర్ లేకుండానే అలాంటి గదుల్లో ట్యాంకు పీహెచ్ రాత్రిళ్లు 7.8కి దిగుతుంది. నురగతో మురికి తీసే స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీయడం మొదటి పని. రియాక్టర్ నీళ్లు పడే చోటు స్కిమ్మర్ నోటి దగ్గర ఉండాలి, అక్కడి నురగలోంచి కొంత గ్యాస్ ఎగిరిపోతుంది.

రెండో పని మన ఇళ్లకు కొత్తది కాదు: సున్నపు తేట. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్ఓ నీళ్లలో కలిపి, తేరుకున్నాక పై నీళ్లు మాత్రం తీసుకుని రాత్రిపూట ట్యాంకులో చుక్కలుగా వదిలితే, అది సీఓటూను పట్టుకుని బైకార్బొనేట్‌గా మారుస్తుంది. కిళ్లీకొట్టు సున్నం మాత్రం వద్దు. చాలామంది ఆవిరైన నీళ్లకు బదులు ఈ తేటే పోస్తారు. ఇక్కడే హైదరాబాద్ వాతావరణం లెక్క మారుస్తుంది. పూర్తిగా సున్నం పట్టిన తేటలో ఆల్కలినిటీ 114 డీకేహెచ్ దాకా ఉంటుంది. ఏప్రిల్ పొడిగాలికి 400 లీటర్ల ట్యాంకు నుంచి రోజుకు 4 లీటర్లు ఆవిరైతే, తేటతోనే 1.14 డీకేహెచ్ చేరుతుంది. జూలై ముసురులో 2 లీటర్లే ఆవిరైతే 0.57కి పడిపోతుంది. రియాక్టర్‌ను ముట్టుకోకుండానే కేహెచ్ ఎందుకు జారుతోందో తెలియక రుతుపవనాలప్పుడు తలపట్టుకునేవాళ్లున్నారు. తేటను పలుచగా కలిపి, డోసింగ్ పంపుతో రోజూ ఒకే కొలతలో పోస్తే ఈ బాధ తప్పుతుంది.

రియాక్టర్ చేయలేని పని ఒకటుంది. అది కాల్షియం, కేహెచ్‌లను పగడాలు వాడుకునే నిష్పత్తిలోనే ఇస్తుంది. కేహెచ్ 8 ఉండి కాల్షియం 340 దగ్గర ఉంటే ఆ వంకర రియాక్టర్‌తో ఎప్పటికీ సరికాదు. ముందు ఉప్పదనం వెయ్యికి 35 వంతుల దగ్గర ఉందో లేదో చూసి, కాల్షియం క్లోరైడ్‌తో సరిచేసి, ఆ తర్వాతే రియాక్టర్‌కు అప్పగించాలి. మెగ్నీషియం కూడా అంతే. పగడపు ముక్కల్లో అది చాలా తక్కువ కాబట్టి మీడియాలో కొంచెం మెగ్నీషియం ముక్కలు కలపడం మంచిది.

మీడియా గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అండమాన్ నుంచి వచ్చేటప్పుడు ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్కలు తెచ్చి రియాక్టర్‌లో వేయొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. రాతిపగడాలకు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. బతికినవైనా చనిపోయినవైనా మన తీరాల నుంచి తీయడం నేరం. ట్యాంకులో పెంచే పగడాలను కూడా ఎక్కడివో కాగితాలు చూపించగల చోటే కొనాలి. ఒక గదిలో రీఫ్ నిలబెట్టడానికి సముద్రంలో ఉన్నదాన్ని ఏరుకురావడం నాకు మింగుడుపడదు.

కూకట్‌పల్లి తమ్ముడు ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి టెస్ట్ చేసి, ఫ్రిజ్ మీద అతికించిన కాగితంలో రాస్తున్నాడు. మొన్న వరుసగా 8.1, 8.0, 8.2 ఉన్నాయి. అయినా ఆదివారం ఒక ఫొటో పంపి మళ్లీ ఫోన్ చేశాడు. అక్రోపోరా కొసలు తెల్లబడ్డాయట, కాలిపోతున్నాయేమోనని భయం. ఫొటో పెద్దది చేసి చూశాను. కాలిన కొస మీద తోలు ఊడి ఒట్టి ఎముక కనిపిస్తుంది, పాలిప్స్ (పగడం మీది చిన్న పువ్వుల్లాంటి జీవులు) ఉండవు. ఇతని కొమ్మల మీద తెల్లటి కొసల చుట్టూ చిన్న చిన్న పాలిప్స్ విచ్చుకుని ఉన్నాయి.

"అవి కాలలేదు తమ్ముడూ, పెరుగుతున్నాయి. రంగు ఇంకా ఎక్కలేదు, అంతే. వచ్చే వారం ఒకసారి వాడకం మళ్లీ కొలువు, నీళ్లు కొంచెం పెంచాల్సి రావచ్చు."